పాత కాలేజీ గోడకు ఏ సున్నం కొనాలి? మార్కెట్లో దొరికే నాలుగు రకాలపై సమీక్ష

వందేళ్లు దాటిన ఏ కాలేజీకైనా వెళ్లి, ఆఫీసు వెనకవైపు గోడ దగ్గర నిలబడి చూడండి. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు గిలాబా (ప్లాస్టరింగ్), దాని మీద ప్లాస్టిక్ పెయింట్ ఉంటాయి. పెయింట్ బుడగలు లేచి ఉంటుంది. బుడగను వేలితో నొక్కితే చిట్లి లోపల్నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. సిమెంటు ఎక్కడ ఆగిందో సరిగ్గా దాని పైన గోడంతా అడ్డంగా ఒక తడి చార కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత అక్కడిదాకా సిమెంటు పెంచుతారు. చార ఇంకో రెండడుగులు పైకి వెళుతుంది.

కారణం ఒక్కటే. పునాది నుంచి పైకి పాకే తడి పాత సున్నపు గిలాబాలోంచి గాలికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి వెళ్లే చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కింది, పోతూ పోతూ ఉప్పును ఇటుకలో వదిలింది. గిలాబా గట్టిగానే ఉంటుంది, వెనక ఉన్న మెత్తని పాత ఇటుక పొడి అవుతుంది. కాబట్టి ఆ గోడకు మళ్లీ సున్నమే వేయాలి. అక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటున్నారు. తీరా కొనబోతే 'సున్నం' పేరుతో నాలుగు వేర్వేరు సరుకులు కనిపిస్తాయి. పొరపాట్లలో సగం అక్కడే జరుగుతున్నాయి.

కాలేజీల ఇంజనీరింగ్ విభాగాల్లో ఉన్నవాళ్లను, భవనాల కమిటీల్లో కూర్చునే అధ్యాపకులను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాం. పాత మిద్దె ఇల్లు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

కొనే ముందు గోడను అడగండి

మన దేశంలో సిమెంటు పెద్ద ఎత్తున తయారవడం 1914లో పోర్‌బందర్‌తో మొదలైంది. అంతకు ముందు కట్టిన గోడ దాదాపు ఖాయంగా సున్నమే. మచిలీపట్నం నోబుల్ కాలేజీ మూలాలు 1843 నాటివి, హైదరాబాద్ నిజాం కాలేజీ 1887లో పుట్టింది. 1949లో మహిళా కళాశాలకు నెలవైన కోఠి రెసిడెన్సీ 1800ల తొలి ఏళ్లలో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించినది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కథ వేరు. 1934లో శంకుస్థాపన చేసి 1939లో ప్రారంభించిన ఆ భవనం పైకి కనిపించేది గ్రానైటు. అలాంటి చోట ప్రశ్న గిలాబాది కాదు, రాళ్ల మధ్య సందులది. ఆ కాలపు భవనాల్లో ఒక గోడలో సున్నం, పక్క గోడలో సిమెంటు కూడా దొరకొచ్చు. పరీక్ష లేకుండా ఏదీ అనుకోవద్దు.

పరీక్ష కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే అయిపోతుంది. వాన తగలని చోట, లోపలి పొర నుంచి కొంచెం అడుసు, అంటే సున్నమూ ఇసుకా కలిపిన మిశ్రమం, గీకండి. ఎండబెట్టి, నలిపి, 50 గ్రాములు తూచండి. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ పొంగు ఆగేదాకా ఉంచండి. వడగట్టి, కడిగి, ఆరబెట్టి, మిగిలింది తూచండి. 42 గ్రాముల ఇసుక మిగిలితే ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్ల ఇసుక వాడినట్టు లెక్క. 38 దగ్గర ఆగితే 1:2కి దగ్గర, అంటే పాత మేస్త్రులు సున్నం ధారాళంగా పోశారు. ఎర్రటి పొడి తేలితే సుర్కీ, అంటే ఇటుక పొడి కలిపారని అర్థం. ఒక్క జాగ్రత్త: తీరప్రాంతంలో ఇసుకలో గవ్వ ముక్కలు ఉంటే అవీ కరిగిపోతాయి, లెక్క తప్పుతుంది. ముందు భూతద్దంతో చూసుకోండి. మిగిలిన ఇసుక పారేయకుండా చిన్న సీసాలో పోసి, ఏ గోడదో రాసి పెట్టుకోండి. కొత్త ఇసుక ఎంచేటప్పుడు రంగూ గరుకూ దానితోనే పోల్చాలి.

ఒకటి: బస్తాలో వచ్చే హైడ్రేటెడ్ లైమ్

ముందు పేర్ల గొడవ. బడి పుస్తకంలో 'పొడి సున్నం' అంటే కాల్చిన రాయి, నీళ్లు తగలనిది. బజారులో పొడి సున్నం అంటే నీళ్లు తాగేసి పొడిగా మారినది, పుస్తకం ప్రకారం అది 'తడి సున్నం'. ఆర్డరులో ఈ మాటలు వాడితే వచ్చేది రాదు. 'హైడ్రేటెడ్ లైమ్, ఐఎస్ 712, క్లాస్ సి' అని రాయండి. ఐఎస్ 712 అంటే కట్టడాల సున్నానికి ఉన్న భారతీయ ప్రమాణం. క్లాస్ సి అంటే కొవ్వు సున్నం, గాలితో మాత్రమే గట్టిపడేది. క్లాస్ ఎ నీటిలోనూ గట్టిపడుతుంది. క్లాస్ డి మెగ్నీషియం ఎక్కువ ఉన్నది, అది నానడానికి చాలా కాలం పడుతుంది.

కోస్తాలో ఇంకో చిక్కు ఉంది. చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు అమ్మే బస్తాల మీదా సున్నం అనే ఉంటుంది. వాటిలో చాలావరకు కాల్చని సున్నపురాయి పొడో, డోలమైట్ పొడో. గోడకు అది ఇసుకతో సమానం, అతుక్కోదు.

బస్తా తాజాదో కాదో దుకాణం దగ్గరే తేల్చుకోవచ్చు. అరచెంచా పొడి మీద నిమ్మరసం పిండండి. తాజా సున్నం పొంగదు. బుసబుసమని నురగ వస్తే అది గాలికి సగం సుద్దగా మారిపోయిన సరుకు. తేమ గోదాములో ఆరు నెలలున్న బస్తాలు చాలావరకు ఇలాగే తేలుతాయి.

మంచి బస్తా దొరికినా పొడిని నేరుగా ఇసుకలో కలిపి వాడొద్దు. కనీసం ఒక రోజు, వీలైతే రెండు వారాలు నీళ్లలో నానబెట్టి ముద్దగా చేసుకోండి. వెల్ల వేయడానికి, చిన్న పగుళ్లకు ఇది చాలు. మొత్తం గోడ గిలాబాకు మేము దీన్ని సిఫారసు చేయం. దీని రేణువులు మొద్దుగా ఉంటాయి, నీటిని తక్కువ పట్టుకుంటాయి. అందుకే అడుసు తాపీ కింద జారదు, త్వరగా ఆరి పొడి రాలుతుంది.

రెండు: నానిన సున్నం ముద్ద

ఇదే అసలు సరుకు. రెండు దారుల్లో వస్తుంది, బకెట్లలో కొనవచ్చు లేదా క్యాంపస్‌లోనే తయారు చేసుకోవచ్చు.

బకెట్ కొనేవాళ్లు పెయింటు దుకాణంలో 'పుట్టీ' అని అడగొద్దు. అక్కడ ఇచ్చే వాల్ పుట్టీ తెల్ల సిమెంటుతో చేసినది, దీనికీ దానికీ పేరు తప్ప పోలిక లేదు. పాత కట్టడాల పనికి సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర 'లైమ్ పుట్టీ' అడిగి, ఎన్ని నెలలు నానిందో రాతపూర్వకంగా తీసుకోండి. మూత తీస్తే పైన రెండు వేళ్ల మందం తేట నీరు నిలిచి ఉండాలి. నీరు లేక పైపొర పెళుసుగా ఉంటే గాలి తగిలిందన్నమాట. తాపీతో ఒక ముద్ద తీసి పలక మీద వేస్తే గడ్డ పెరుగులా నిలబడాలి, కారిపోకూడదు. రెండు వేళ్ల మధ్య రుద్దితే వెన్నలా జారాలి. గరుకు తగిలితే అందులో నానని గింజలున్నాయి. లీటరు డబ్బా నిండా నింపి తూచండి: 1.35 నుంచి 1.45 కిలోల మధ్య రావాలి. దాటితే ఉడకని రాయో, సుద్దో కలిసినట్టే. బాగా నానిన సున్నం సన్నగా విడిపోయి నీళ్లు ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి తేలిగ్గా ఉంటుంది.

ఎక్కువ గోడలుంటే మా ఓటు సొంత గుంతకే. తెలుగు నేల మీద కాల్చిన సున్నపురాయికి కొరత లేదు. పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. కాల్చిన రాయిని ముక్కలుగానే తెప్పించండి, పొడిగా కాదు. మంచి ముక్క తేలిగ్గా ఉంటుంది, ఒకదానికొకటి తగిలిస్తే కుండ పెంకులా మోగుతుంది. బరువుగా, మొద్దు శబ్దం చేస్తే లోపల ఉడకని రాయి ఉంది. వంద కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే మిగిలేది 56 కిలోలే, ఆ తేలికదనం అక్కడిదే.

లెక్క ఇలా వేసుకోండి. వంద చదరపు మీటర్ల గోడకు 20 మిల్లీమీటర్ల గిలాబా అంటే రెండు ఘనమీటర్ల అడుసు. పాత గోడ ఎగుడుదిగుడు కాబట్టి ఇంకో అయిదో వంతు కలపండి, 2.4 ఘనమీటర్లు. సున్నం ముద్ద ఇసుక గింజల మధ్య ఖాళీల్లోకి దూరిపోతుంది, అందుకే ఇసుక ఎంతో అడుసూ దాదాపు అంతే. 1:3 పాళ్లకు 2.4 ఘనమీటర్ల ఇసుక, 800 లీటర్ల ముద్ద కావాలి. కిలో మంచి రాయి సుమారు రెండు లీటర్ల ముద్ద ఇస్తుంది కాబట్టి 400 కిలోల రాయి తెప్పిస్తే సరిపోతుంది. బకెట్లలో కొంటే ఇదే పనికి 20 లీటర్లవి నలభై.

నానబెట్టడంలో ఒక నియమం ప్రాణం మీదిది: నీళ్లలో రాయి వేయాలి, రాతి మీద నీళ్లు పోయకూడదు. ఇనుప తొట్టెలో 80 లీటర్ల నీళ్లు పోసి, 25 కిలోల రాయిని కొద్దికొద్దిగా వదలండి. ప్లాస్టిక్ డ్రమ్ములు వద్దు. నీళ్లు నిమిషాల్లో కుతకుత ఉడుకుతాయి, డ్రమ్ము మెత్తబడి పగిలిపోతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. పక్కనే మంచినీళ్ల కుళాయి ఉండాలి. కంట్లో చుక్క పడితే ఆగకుండా కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉడుకు తగ్గేదాకా పొడవాటి గరిటెతో కలుపుతూ ఉండి, పాలలా అయ్యాక సన్నకన్ను జల్లెడలోంచి ఇటుక తొట్టెలోకి వదలండి. జల్లెడ మీద మిగిలిన గింజలు పారేయాలి. అవి గోడలోకి వెళితే నెలల తర్వాత నాని, ఉబ్బి, గిలాబాను పొక్కుల్లా పేల్చేస్తాయి. కొత్త గోడ మీద రూపాయి బిళ్లంత గుంటలు, ఒక్కో గుంట నడుమ తెల్లటి చుక్క కనిపించాయంటే జల్లెడ పట్టలేదన్నమాటే.

తొట్టె 1.5 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉంటే 800 లీటర్లకు సరిపోగా మిగులుతుంది. పైన ఎప్పుడూ రెండు అంగుళాల నీరు నిలవాలి. గిలాబాకు కనీసం ఒక నెల, పై నునుపు పూతకు మూడు నెలలు నాననివ్వండి. విద్యార్థులు తిరిగే చోటు కాబట్టి చుట్టూ ఆరడుగుల కంచె, పైన తాళం వేసిన మూత తప్పనిసరి.

బెల్లం, కరక్కాయ మాటేమిటి?

డంగుసున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నపు అడుసు, అనగానే ఈ రెండూ గుర్తొస్తాయి. వట్టి నమ్మకం కాదు. బెల్లం నీళ్లతో అడుసు తక్కువ నీటికే మెత్తబడుతుంది, కరక్కాయ ఊరిన నీళ్లు ఆరే వేగాన్ని అదుపులో పెడతాయి. కాని పాళ్లు ఊరికో తీరు. మేస్త్రి చెప్పిన పాళ్లతో ఒక చదరపు మీటరు నమూనా వేయించి, నెల రోజులు చూసి అప్పుడు ఒప్పుకోండి. బెల్లం ఎక్కువైతే గోడకు చీమలు పడతాయి, బూజు వస్తుంది, అడుసు రోజుల తరబడి గట్టిపడదు. వీటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది గానుగ. రుబ్బిన అడుసుకూ పారతో కలిపిన అడుసుకూ తేడా తాపీ పట్టిన మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. గానుగ లేకపోతే చక్రాలు తిరిగే మోర్టార్ మిల్లు అద్దెకు తెచ్చుకోండి. కాంక్రీటు మిక్సర్ వాడితే సున్నం ఉండలు కట్టి తిరుగుతుందే తప్ప ఇసుకకు పట్టదు.

మూడు: ఎన్‌హెచ్‌ఎల్, సహజ హైడ్రాలిక్ సున్నం

యూరప్ నుంచి వచ్చే సంచులు ఇవి. 2, 3.5, 5 అని మూడు బలాలు. ఆ అంకె 28 రోజులకు మెగాపాస్కల్స్‌లో ఉండాల్సిన కనీస బలం. మట్టి మలినాలున్న రాయిని కాల్చడం వల్ల ఇది నీళ్లతోనే కొంత గట్టిపడుతుంది, మిగతాది గాలితో. వానలో, తడిలో పని ఆగకపోవడం దీని గొప్ప. గోడ పాదం దగ్గర, పిట్టగోడ పై అంచున, నీటి గొట్టాల చుట్టూ ఇది నిజంగా పనికొస్తుంది.

అమ్మేవాళ్లు '5 తీసుకోండి, బలంగా ఉంటుంది' అంటారు. వద్దు. పాత ఇటుక మెత్తనిది. గిలాబా ఎప్పుడూ వెనకున్న గోడకన్నా బలహీనంగా ఉండాలి, అప్పుడే పగులు వచ్చినా గిలాబాలో వస్తుంది. చాలా గోడలకు 2 చాలు, బయటి తడి చోట్ల 3.5. ఆర్డరులో 'హైడ్రాలిక్', 'హైడ్రేటెడ్' అనే రెండు మాటలూ తారుమారు కావడం తరచూ జరిగేదే. సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అన్న అక్షరాలు, అంకె, తయారీ తేదీ కళ్లతో చూసి దించుకోండి. తేమ తగిలిన సంచి సిమెంటులాగే గడ్డకడుతుంది.

ధర మామూలు సున్నానికి చాలా రెట్లు. అందుకే మొత్తం భవనానికి ఇదే అని టెండర్ రాయడం డబ్బు వృథా అనే మా అభిప్రాయం. మనకు సుర్కీ ఉంది. తక్కువ వేడికి కాలిన ఇటుకను మెత్తగా దంచి, ఒక పాలు సున్నం ముద్ద, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్ల ఇసుక కలిపితే తడి చోట్లకు చక్కగా సరిపోతుంది. నల్లగా మాడిన, గాజులా మెరిసే ఇటుక ముక్కలు దంచితే అది ఉత్త ఎర్ర ఇసుకే, సున్నంతో కలవదు. బట్టీలో లేత నారింజ రంగు ఇటుకలు ఏరించండి.

సుర్కీ బదులు 'ఓ గుప్పెడు సిమెంటు వేద్దాం సార్' అనే మాట ప్రతి సైటులోనూ వినిపిస్తుంది. ఒప్పుకోకండి. ఇంగ్లండ్‌లో పాత కట్టడాల కోసం చేసిన స్మీటన్ ప్రాజెక్ట్ పరీక్షల్లో కూడా సున్నంలో కొద్దిపాటి సిమెంటు కలిపితే అడుసు బలహీనపడుతుందని, ఇటుక పొడి కలిపితే మేలు జరుగుతుందని తేలింది.

నాలుగు: డిజైనర్ లైమ్ ప్లాస్టర్

కొత్త కేఫ్‌ల లోపల కనిపించే నునుపు గోడల కోసం వచ్చే సిద్ధమైన మిశ్రమాలు. అందంగా ఉంటాయి. చాలావాటిలో తెల్ల సిమెంటో, యాక్రిలిక్ జిగురో ఉంటుంది. డబ్బా మీద పదార్థాల పట్టిక ఇవ్వని ఏ సరుకునూ పాత గోడ మీద పెట్టకండి. కొత్త బ్లాకు లోపలి గోడలకు వాడుకోండి, అభ్యంతరం లేదు.

ఇసుక

నాలుగింటికన్నా ఎక్కువ పనులు చెడగొట్టేది ఇదే. లీటరు పొడి ఇసుకలోకి కొలిచి నీళ్లు పోయండి, నీరు పైకి తేలే క్షణంలో ఆపండి. 330 మిల్లీలీటర్ల దగ్గర ఆగితే 1:3 సరైన పాలు. 400 పడితే గింజలన్నీ ఒకే సైజు, దానికి 1:2.5 కావాలి. సీసాలో సగం ఇసుక, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి గంట ఉంచితే పైన ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక ఎత్తులో ఇరవయ్యో వంతు దాటితే కడిగించండి. రాతి క్రషర్ ఇసుకలో సన్నని దుమ్ము ఎక్కువగా ఉంటుంది. దాన్ని జల్లించకపోతే గోడంతా వలలాంటి పగుళ్లు. ఉప్పు పట్టిన సముద్రపు ఇసుక ఎంత కడిగినా మాకు నమ్మకం లేదు.

సెలవుల్లో గిలాబా వేయకండి

క్యాంపస్ ప్రణాళికలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇది. విద్యార్థులుండరని మరమ్మతులన్నీ మే నెలకు పెడతారు. మే ఎండలో సున్నపు గిలాబా గట్టిపడదు, ఎండిపోతుంది. సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తడి ద్వారా లోపలికి వెళ్లాలి. తడి పోయాక ఆ పని ఆగిపోతుంది. జూన్‌లో చేత్తో రాస్తే సుద్దలా రాలుతుంది, 'సున్నం పనికిరాదు' అని మళ్లీ సిమెంటు వస్తుంది.

సున్నానికి తగ్గట్టు ఏడాదిని ఇలా పంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో బట్టీ నుంచి రాయి తెచ్చి నానబెట్టాలి. వానలో కాల్చిన రాయి లారీ రావడం ప్రమాదం, టార్పాలిన్ కింద నీరు చేరితే నిప్పు అంటుకోవచ్చు. అదే సెలవుల్లో పైకప్పు పగుళ్లు, వాననీటి గొట్టాలు, మురుగు కాలువలు బాగుచేయండి. వానల నాలుగు నెలలూ ముద్ద నానుతుంది. ఆ వానల్లోనే గొడుగు పట్టుకుని భవనం చుట్టూ తిరిగి, నీరు ఎక్కడ కారుతోందో ప్లాను మీద గుర్తు పెట్టండి. గోడ అసలు జబ్బు అప్పుడే బయటపడుతుంది. వానలు తగ్గాక పాత సిమెంటు తీయడం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గిలాబా. తెలంగాణలో నవంబరులోనే మొదలుపెట్టొచ్చు. కోస్తాలో తుపాన్లు ముగిసేదాకా ఆగడం మంచిది.

ఇది తరగతులు నడిచే కాలం. అందుకే భవనాన్ని ఒక్కో వింగ్‌గా విడగొట్టి, ఒకటి ఖాళీ చేసి పని, తర్వాత రెండోది అన్నట్టు టైంటేబుల్ కమిటీతో ముందే కూర్చోవాలి. ఈ ఒక్క సమావేశం జరగకపోతే మంచి సున్నం కొన్నా దండగే.

గోడ పాదం దగ్గర నేలా చూడండి. ఏటేటా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లున్న చోట ఇప్పుడు ఒకటే మెట్టు మిగులుతుంది. మిగతా రెండూ మట్టిలో ఉన్నాయి, అంటే గోడ అంత మేర తడిలో ఉంది. గోడ చుట్టూ మీటరున్నర వెడల్పున పాత మట్టం దాకా తవ్వి, గోడ నుంచి బయటికి 1:50 వాలు ఇవ్వండి. గోడకు ఆనించి సిమెంటు టైల్స్, పూలమొక్కల పాదులు వద్దు. కంకర పరవండి. తవ్వేటప్పుడు పునాది అంచు కనిపిస్తే అక్కడే ఆపి ఇంజనీరును పిలవాలి.

పాత మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను బరువు, పైగా ఎప్పుడూ కారే కుళాయి. దాన్ని దించి విడిగా స్టాండు కట్టండి. ఏసీ నీటి గొట్టాన్ని గోడ మీదికి వదలకుండా కిందిదాకా లాగండి. తేమ కాలంలో ఒక్క ఏసీ గంటకు లీటరు దాకా వదులుతుంది.

వేసేటప్పుడు

సిమెంటును డ్రిల్లుతో కాకుండా ఉలి, చిన్న సుత్తితో అంచు నుంచి లేపండి. ఇటుక ముఖం ఊడి వస్తుంటే అక్కడ ఆపి, ఆ ముక్కను అలాగే వదిలేయడమే మేలు. సందుల్లో వదులుగా ఉన్నది అంగుళం లోతు దాకా గీకి, గట్టి బ్రష్‌తో ఉప్పు దులిపి, దులిపిన ఉప్పును గోడ పాదం దగ్గర వదలకుండా ఎత్తిపోయండి.

ముందు రోజు సాయంత్రం, ఆ రోజు ఉదయం గోడ తడపాలి. నీళ్లు మెరుస్తూ నిలవకూడదు, చెయ్యి పెడితే చల్లగా తగలాలి. మొదటి పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లు, అంతకు మించొద్దు. మరుసటి రోజు సన్నని పగుళ్లు వస్తాయి. భయపడక్కర్లేదు, బొటనవేలు నొక్కితే గుంట పడని గట్టితనం వచ్చాక చెక్కతో గట్టిగా అదమండి, మూసుకుపోతాయి. ఈ రెండోసారి అదమడం మానేసిన గోడలే తర్వాత డొల్ల శబ్దం చేస్తాయి. గీతలు గీసి, రోజుకు రెండు మూడుసార్లు నీటి తుంపర కొడుతూ, గోడకు రెండంగుళాల ఎడంగా తడి గోనెపట్టాలు వేలాడదీయండి. పది పన్నెండు రోజులకు రెండో పూత 8 మిల్లీమీటర్లు, పైన 2 మిల్లీమీటర్ల నునుపు పూత. ఆఖరున రంగు కావాలంటే సున్నపు వెల్లే. ప్లాస్టిక్ ఎమల్షన్ పూస్తే ఇంత శ్రమా మొదటికొస్తుంది.

గట్టిపడిందో లేదో కంటితో చెప్పలేం. గోడ మూల నుంచి చిన్న ముక్క విరిచి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయండి. ముదురు గులాబీ రంగు వచ్చినంత మేర సున్నం ఇంకా మారలేదు. అంచు చుట్టూ రంగు పట్టని పొర నెలనెలా లోపలికి పెరుగుతుంటే గోడ సరిగ్గా నడుస్తోంది. నెలకు మిల్లీమీటరు వచ్చినా మంచిదే. పై అంచు కూడా గులాబీగానే ఉండి చేతికి పొడి రాలితే, అది ఎండిపోయిన గోడ. తుంపర మళ్లీ మొదలుపెట్టాలి.

అలంకారపు పనికి, అంటే కమానుల చుట్టూ పువ్వులు, మినార్ల అంచులకు, కొనడం కన్నా ముందు తట్టి చూడటం ముఖ్యం. 2019 మే 1 రాత్రి చార్మినార్ మినార్ నుంచి సున్నపు అలంకరణ పెచ్చు ఊడి పడింది. అలాంటి ముక్కలు కింది నుంచి చూస్తే నిక్షేపంగా కనిపిస్తాయి. ఏటా వానలకు ముందు పరంజా కట్టి వేలి కణుపుతో తట్టాలి. డొల్లగా మోగిన చోట ఊడబీకకుండా, వెనక ఖాళీలోకి పలుచని సున్నం పాలు సిరంజితో ఎక్కించి నిలబెట్టొచ్చు.

టెండర్‌లో

'సున్నపు గిలాబా, 20 మి.మీ.' అన్న ఒక్క వాక్యానికి తక్కువ రేటు వేసినవాడు ఏదైనా తెస్తాడు. నానిన కాలం, లీటరు బరువు, ఇసుక ఖాళీ శాతం, పూతల మధ్య రోజులు, సిమెంటు అసలు ఉండకూడదన్న షరతు రాయండి. పడమటి గోడ మీద, ఉత్తరపు గోడ మీద చెరో చదరపు మీటరు నమూనా వేయించి నెల చూశాకే మిగతా పని మొదలవ్వాలి. బిల్లులో పదో వంతు ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకునే షరతు పెడితే మేస్త్రులు రెండోసారి అదమడం మరచిపోరు.

మొత్తం మీద మా ఎంపిక: మూడు నాలుగు వందల చదరపు మీటర్లు దాటిన పనికి పిడుగురాళ్ల రాయి, సొంత తొట్టె. ఒకటి రెండు గదులకు బకెట్ ముద్ద. తడి పాదానికి సుర్కీ, అది దొరకని చోట ఎన్‌హెచ్‌ఎల్ 2 లేదా 3.5. వెల్లకు తాజా బస్తా.

పని ముగిశాక తొట్టెలో మిగిలిన ముద్ద పారబోయకండి. పైన నీరు నిలిచి ఉన్నంతకాలం అది చెడిపోదు, నానేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. మూతకు తాళం వేసి, నానబెట్టిన తేదీ పలక మీద రాసి పెట్టండి. వచ్చే ఏడు ఎలక్ట్రీషియన్ గోడ కోసినప్పుడు పూడ్చడానికి అదే అక్కరకొస్తుంది.